రంగూన్ మామ గాలి పోలెలు

ఆ రోజుల్లో చనిపోవడం కూడా ఇప్పుడున్నంత కచ్చితంగా ఉండేది కాదు. ఇప్పుడైతే డాక్టరు చెయ్యి పట్టి చూసి కాగితం మీద రాసిస్తేనే మనిషి పోయినట్టు. అప్పుడు దూరదేశం వెళ్ళినవాడి సంగతి ఇంకెవరో వచ్చి చెప్పాలి, చెప్పేవాడి ముఖం దిగాలుగా ఉంటే మనం నమ్మాలి. మా రంగూన్ మామ అలాగే పోయాడు (మా ఇంటి లెక్కలో). ఆయన మా మామగారికి తమ్ముడు. మీసాలు రాకముందే కట్టపనులకు పోయే కూలీల గుంపులో కలిసి ఊరు విడిచి, ఎవరి వెంటో ఓడెక్కి రంగూన్ చేరాడట. యుద్ధంలో అక్కడ బాంబులు పడ్డాక జనం అడవుల వెంట నడిచి వచ్చేశారు. అలా వచ్చిన వడ్డేపల్లి ఆయనొకడు, మామ దారిలోనే జ్వరంతో పోయాడని చెప్పి, చెంబెడు చల్ల తాగి వెళ్ళాడు. మావాళ్ళు దినాలు చేశారు. "నా కొడుక్కు ఆఖరి ముద్ద నేనే కడత" అని పట్టుబట్టి, వద్దన్నవాళ్ళను కసిరి, పిండం ముద్ద అవ్వే కట్టిందట. అవ్వంటే మామ కన్నతల్లి, మా ఆయనకు నాయనమ్మ. ముద్ద పెట్టగానే కాకి వచ్చి ముట్టింది. కాకి ముట్టాక ఇక అనుమానమేముంది? (ఆ కరువులో ఏది పెట్టినా కాకి ముట్టేదని ఎవరికీ తోచలేదు.)

నేను తిమ్మాజిపేట నుంచి గద్వాలకు, ఆ ఇంటికి కోడలిగా వచ్చింది ఆ తరవాత. ఒక పొద్దున వాకిలి ఊడుస్తుంటే గడ్డం పెరిగి, కట్టెపుల్లలా ఉన్న మనిషి వచ్చి గడప ముందు నిలబడ్డాడు. నేను లోపలికి పోయి దోసిలి నిండా జొన్నలు తెచ్చాను. ఆయన నన్నొకసారి చూసి, తువ్వాల పరిచి పోయించుకున్నాడు. "ఎవరు పిల్లా వాకిట్ల?" అంటూ అవ్వ వచ్చింది. చూసింది. చేతిలో ఉన్న చేట జారవిడిచి, ముందు ఆయన కాళ్ళవంక చూసింది, పాదాలు ముందుకే ఉన్నాయా అని. ఉన్నాయి. అప్పుడేడ్చింది. ఆ ఏడుపు విని వీధి వీధంతా వచ్చింది. మా ఇంటికి తిరిగొచ్చిన మనిషికి నేను భిక్షం వేశానన్న మాట గద్వాలలో చాలా ఏళ్ళు నడిచింది.

దినాలైపోయినవాడు తిరిగొస్తే మళ్ళీ పుట్టినట్టే లెక్కన్నారు పెద్దలు. ఇంత పొడుగు మనిషిని పసిపిల్లవాడిలా ఊయల పక్కన కూర్చోబెట్టి, చెవిలో పేరు చెప్పి, పేరంటాళ్ళకు శనగలు పంచాం. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మామ కూడా నవ్వాడు. కానీ అవ్వ నవ్వలేదు. కొడుకు నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. దగ్గినా తుమ్మినా ఉలిక్కిపడేది. తన చేత్తో పిండం కట్టిన కొడుకు కదా, కట్టిన చెయ్యి మీద ఆమెకు నమ్మకం పోయింది.

వచ్చాడు గానీ మామ మాతో కలవలేకపోయాడు. జొన్నరొట్టె రెండు ముక్కలు తిని పక్కన పెట్టేవాడు. చేనుకు పోతే ఎద్దులు ఆయన మాట వినేవి కావు (బర్మా భాషలో అదిలించేవాడని మా ఆయన అనేవాడు, అది అబద్ధమేలెండి). అన్నను పోషించమని అడగలేడు, వదిన పెట్టింది తినలేడు. బొంబాయిలో తెలిసినవాళ్ళున్నారు, వెళ్ళిపోతానని ఒకరోజు మామగారితో మెల్లగా అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి అవ్వ అన్నం మానేసింది. అప్పుడు నేనే అడిగాను, "మామా, మీకు తినబుద్ధయ్యేది ఏదన్న ఉంటె చెప్పుర్రి, నేను చేస్త" అని. పదహారేళ్ళ పిల్లను, వండనిది లేదనుకునే వయసు.

ఆయన ముఖం వెలగడం నేను చూడడం అదే మొదలు. రంగూన్‌లో ఆయన పనిచేసిన హోటల్లో మనీలా నుంచి వచ్చిన వంటాయన ఉండేవాడట. పిలిప్పీను దేశం వాడు. ఆయన రోజూ చిన్న చిన్న బన్నులు చేసేవాడట, లోపల కొబ్బరీ బెల్లం కూరి. "ఎట్లుంటదంటె అమ్మా, పట్టుకుంటె పట్టుకున్నట్టె ఉండదు. పసిపిల్ల చెంప. కొరికితె లోపల కొబ్బరి ఎచ్చగ పంటికి తగుల్తది." ఆ పనంతా మామ నేర్చుకున్నాడు. వడివడిగా చెప్పి, ఇంకో మాట కూడా అన్నాడు. టేషన్ ముందర చాయ్ కొట్టాయన తనకు పాత దోస్తు. మంచిగ కుదిరితే కొట్లో సగం జాగా ఇస్తానన్నాడట. "గది అయితె నేను బొంబాయి ఎందుకు పోత? గిదే గద్వాలల ఉంట, అమ్మ కండ్ల ముంగట."

అవ్వ గోడవారగా కూర్చుని అంతా విన్నది. "కొబ్బరి బెల్లం లోపల పెట్టేదైతె అది మన పోలె కాదా?" అన్నది (బొబ్బట్టును మేం పోలె అంటాం). "కాదే అమ్మా, ఇది పొంగుతది. లోపలంత గాలి." అవ్వ కొడుకు వైపు తిరిగింది. "గాలి పోలెలా? గాలికి బెల్లమెందుకురా?" అప్పటినుంచి మా ఇంట్లో వాటి పేరు గాలి పోలెలే. ఆ పూట అవ్వ అన్నం తిన్నది.

ఇక చూడాలి మా ఇంటి సంబరం. మైదా దొరకలేదు. గోధుమలు విసిరి, నా పాత గద్వాల చీర కొంగు చింపి, పిండిని అందులో జల్లించాం. ఆ పిండికి నా ముఖం, వెంట్రుకలు అంతా తెల్లబడితే, మా ఆయన గుర్తుపట్టనట్టు నటించి "ఎవరు అవ్వా ఈ ముసలామె?" అన్నాడు. పిండి పొంగడానికి రంగూన్‌లో ఏదో మందు వేసేవారట, అది గద్వాలలో ఏ కొట్టాయనకూ తెల్వదు. దాని బదులు ఈతకల్లు తెప్పించాడు మామ. పొద్దుటి కల్లు కుండ తెచ్చిన గౌండ్లాయన, దాన్ని పిండిలో పోయడం కళ్ళారా చూసి, "నలబై ఏండ్లసంది గీస్తున్న, పిండికి తాపిచ్చుడు ఇయ్యాల్నే చూసిన" అని తల పట్టుకున్నాడు. బన్నులు కాల్చే బట్టీ లేదు. పక్కింటి ఖాలా బిర్యానీ దమ్ చేసే పెద్ద డేగిసా ఇచ్చింది. అడుగున ఇసుక పోసి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు. "జర సబర్ చెయ్ బేటా, దమ్ అంటె తొందర పనికిరాదు" అని ఖాలా మామకు చెప్పేది. ఖాలా గోడ మీది నుంచి ఎంత కలగజేసుకునేదో, మా అత్త అంత ముఖం ముడుచుకునేది.

మామ చేతులు ఆ పిండిలో పడితే చూడాలి. ఎద్దులు వినని మనిషి మాట పిండి వినేది. పిసికి, ఒకసారి పొంగనిచ్చి, గుద్ది గాలి తీసి, కొబ్బరి బెల్లం కూరి నున్నగా ఉండలు చేసి పళ్ళెంలో పేర్చాడు. పైన తెల్లని తడిగుడ్డ కప్పాడు. "ఇగ ఎవరు ముట్టొద్దు. రెండింతలు పొంగాలె. అప్పుడే దమ్‌కు పెట్టేది." పిల్లి బాధ ఉంది కాబట్టి కాపలా కావాలి. నేను నీళ్ళకు పోవాలి, మామ నిప్పులు రాజెయ్యాలి. "అమ్మా, నువ్వు గీడ కూసో. కదలకు." అవ్వ పళ్ళెం పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నది. పిల్లి కాదు గదా, ఈగ కూడా వాలలేదు.

తెరిచి చూస్తే ఉండలు పొంగలేదు. ఏదో పొంగాలని మొదలుపెట్టి మనసు మార్చుకున్నట్టు, ప్రతిదానికీ నడుమ బొడ్డులాంటి గుంట. డేగిసాలో కాల్చి తీశాక గుంటలోంచి బెల్లం కారి మాడింది. రాయిలా గట్టిపడ్డ అడుగును మామగారు గోడకు తట్టి చూస్తే సున్నం రాలింది. మా ఆయన ఒకటి తీసుకుని బర్రె ముందు పెట్టాడు. బర్రె వాసన చూసి, ముఖం తిప్పుకుని, మామగారి తువ్వాల నమిలింది. మేం నవ్వీ నవ్వీ కూలబడ్డాం. మామ కూడా నవ్వాడు. "కల్లు పాతదయ్యింది" అన్నాడు.

మళ్ళీ కొత్త కల్లు. మళ్ళీ జల్లెడ. మళ్ళీ అవ్వ కాపలా, మళ్ళీ అదే గుంట. ఈసారి గోధుమల తప్పన్నాడు. ఆ తరవాత ఎండ తప్పు, గాలి తప్పు, తడిగుడ్డ తప్పు. చేసినప్పుడల్లా ఆయన ఒక తప్పు కనిపెట్టి దాన్ని సరిచేసేవాడు. ఉండలు పేర్చేదాకా అన్నీ బాగుండేవి. గుడ్డ కప్పి పక్కకు పోయి వస్తే గుంట. మేం ప్రతిసారీ నవ్వాం. నవ్వులో చెడు లేదు, ఇంట్లో చాలా రోజులకు వచ్చిన నవ్వు కదా అని ఆపుకోలేదంతే. చివరికి తప్పులన్నీ అయిపోయాయి, మిగిలింది ఆయన ఒక్కడే. తన రెండు అరచేతులూ చూసుకుని, "చెయ్యి పోయిందమ్మా. అడవిల జరమొచ్చినప్పుడే పోయినట్టుంది" అన్నాడు. ఆ రోజు ఎవరం నవ్వలేదు. చాయ్ కొట్టాయన ఒకటి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "దీనమ్మ, మంచిగనే ఉన్నది గని..." అని తినకుండానే జేబులో వేసుకున్నాడట. ఆ "గని" చాలు కదా.

మామ బొంబాయి రైలెక్కడానికి వెళ్ళిన పొద్దున అవ్వ ఏడవలేదు. ఆయన తల మీద చెయ్యి పెట్టి, "నీకేం గాదు కొడుకా. నేను చూసుకున్న గద" అన్నది. ఏం చూసుకున్నదో ఎవరం అడగలేదు.

అది తెలిసింది పెత్రమాస (పెద్దల అమావాస్య) నాడు. పెద్దల పేరు మీద ఆ రోజు మా ఇళ్ళల్లో పోలెలు చేస్తాం. నేను పిండి తడిపి, గుండ్రంగా ముద్ద చేసి, తడిగుడ్డ కప్పి పక్కన పెట్టాను. పూర్ణం కలియబెడుతూ తల తిప్పి చూస్తే, అవ్వ గుడ్డ పైకెత్తి, చూపుడువేలు పిండిలో సగం దాకా దించుతున్నది.

"అవ్వా! ఏం చేస్తున్నవ్?"

"పిండి ముద్దను గట్ల నున్నగ, గుండ్రంగ పెట్టొద్దు బిడ్డా. పైన తెల్లగుడ్డ వేరె. పిండం లెక్కుంటది. ఏలు పెడితె ఇగ అది పిండం కాదు, తినే పిండి" అని, కొంగుకు వేలు తుడుచుకున్నది.

"మామ గాలి పోలెలకు గూడ పెట్టినవా?"

"పెట్టకుంట ఉంటనా? ఒక్కొక్క దానికి పెట్టిన. పాడువి, పెట్టినకొద్ది పూడుకపోతుండె. మల్ల పెట్టిన. ఒక్కటన్న ఇడిచిపెట్టలే." ఆ ముసలి ముఖంలో ఎంత తృప్తి! "వాని ముంగట వాడే పళ్ళెం నిండ పిండాలు పేరుస్తుండె పిల్లా. ఒకసారి ఈ చేత్తోనే కట్టిన గద వానికి. మల్ల గట్ల కానిస్తనా? గందుకే వాడు బొంబాయిల సల్లగున్నడు."

అవ్వా, నీ వేలే నీ కొడుకును పంపించేసింది అని ఆ ముఖం చూసి ఎలా చెప్పడం? కొడుకును బతికించుకున్నానని ఆమె అనుకుంటున్నది. సరే, అనుకోనీ. పోలెలు చేశాను, అందరికీ వడ్డించాను, ఉప్పు తక్కువైందని అత్త తిట్టింది. ఆ తిట్లు పడుతూ కాస్త ఏడ్చుకోవడానికి వీలైంది. మామకైనా చెప్పించాలని మా ఆయనతో అన్నాను. కానీ ఆయన బొంబాయి నుంచి ఓడ పనిలో చేరి ఎటో వెళ్ళాడన్నారు. ఏ ఊరికి, ఎవరితో చెప్పిస్తాం? అవ్వ పోయిన రోజున కూడా ఆయన రాలేదు. ఈసారి పోయాడని ఎవరూ వచ్చి చెప్పలేదు కాబట్టి, మా ఇంటి లెక్కలో ఆయన ఇంకా ఉన్నట్టే.

మొన్న మా మనుమరాలు ఇంట్లో బన్నులు చేసింది. దాని దగ్గర కరెంటు పొయ్యి ఉంది, పొంగే మందు పొట్లంలో వస్తుంది, కల్లు అక్కర్లేదు. లోపల కొబ్బరి బెల్లం పెట్టమని నేనే చెప్పాను. నున్నగా ఉండలు చేసి, పళ్ళెంలో పేర్చి, తెల్లగుడ్డ కప్పి, "అవ్వా, జర చూస్తుండు, ఎవరు ముట్టకుంట" అని ఫోను మోగితే పక్కగదిలోకి వెళ్ళింది. నేను కాపలా కూర్చున్నాను. అన్నీ తెలిసినదాన్ని, అవ్వ చాదస్తం ఏం చేసిందో చూసినదాన్ని. గుడ్డ కింద అవి మెల్లగా లేస్తున్నాయి. పక్కగదిలో పిల్ల ఎందుకో దగ్గింది. అంతే, నా వేలు నా మాట వినలేదు.

ఒక్కదానికే పెట్టాను లెండి. కాలి బయటికి వచ్చాక అన్నీ పొంగి ఉన్నాయి, అదొక్కటి నడుమ కుంగి, బెల్లం కారి ఉంది. "గిదెందుకో ఖరాబయింది" అని పిల్ల పారెయ్యబోతే లాక్కుని నేనే తిన్నాను. మెత్తగా లేదు, నిజమే. గాలి లేదు. కానీ కొబ్బరి వెచ్చగా పంటికి తగిలింది, అచ్చం ఆయన చెప్పినట్టే. అప్పుడు మేం వాటిని గోడకు తట్టాం, బర్రెకు పెట్టాం, చూసి నవ్వాం. ఒక్కరమైనా నిమ్మళంగా కూర్చుని ఒకటి తిని ఉంటే "మంచిగున్నయి మామా" అని నోరారా అనేవాళ్ళం.