ముప్పై ఎనిమిది అంగుళాల ఛాతీ

దగ్గులక్క అసలు పేరు ఆస్పత్రిలో హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. గుండె ఆపరేషన్ అయినవాళ్ల చేత దగ్గించడం ఆమె ఉద్యోగం. నవ్వకండి. ఛాతీ కోసి కుట్టాక, నొప్పికి భయపడి మనిషి పైపైన ఊపిరి తీస్తాడు. కఫం లోపలే పేరుకుంటుంది, జ్వరం తగులుకుంటుంది. అందుకే రొమ్ముకు దిండు అదిమి పట్టుకుని, నిండా గాలి పీల్చి, గట్టిగా దగ్గాలి. పద్దెనిమిదేళ్లుగా ఆమె చెప్పే పాఠం అదే.

ఆ పాఠం ఇంటిదాకా వచ్చింది. మామగారు గుమ్మం దగ్గర గొంతు సవరించుకుంటే చాలు, దిండుతో పరుగెత్తుకొచ్చేది.

"గొంతులోంచి కాదు మామయ్యా, పొట్టలోంచి!"

పాపం ఆ పెద్దాయన విసిగిపోయి, తాను వచ్చినట్టు తెలియడానికి చిన్న గంట కొనుక్కున్నాడు.

అలాంటి దగ్గులక్కకు మూడో నంబరు మంచం మీద ఒక దర్జీ తగిలాడు. నలభై ఏళ్లు కోట్లు కుట్టిన మనిషి. ఆపరేషన్ అయి మూడు రోజులైనా ఒక్క దగ్గు దగ్గలేదు.

"కుట్టు సంగతి నాకు చెప్పకమ్మాయ్. కొత్త కుట్టు మీద బరువు పడితే పిగులుతుంది. ముందు కుట్టినవాణ్ణి పిలువు."

పెద్ద డాక్టరు వచ్చాడు.

"నూలా, సిల్కా?" అన్నాడు దర్జీ.

"ఎముకకు స్టీలు తీగ వేశామండీ."

"తీగా? నేనేమన్నా కంచెనా? ముడి ఎక్కడ వేశారు? దారం కొస ఎంత వదిలారు?"

ఇంత చదువు చదివిన డాక్టరు గడియారం చూసుకుంటూ బయటికి నడిచాడు. వరండాలోకి వెళ్లాక మాత్రం దగ్గులక్కతో గొంతు తగ్గించి చెప్పాడు: "జ్వరం మొదలైంది. రేపటికి కఫం బయటికి రాకపోతే మళ్లీ గొంతులో గొట్టం వేసి ఊపిరి మెషీన్ మీద పెట్టాల్సిందే."

పోయిన నెల ఒక ముసలమ్మ ఇలాగే మొండికేసి మెషీన్ మీదికి వెళ్లింది, మళ్లీ దిగలేదు. ఆమె పట్టుకోవాల్సిన దిండును బీరువాలో పెట్టడానికి దగ్గులక్కకు వారం పట్టింది.

మర్నాడు పొద్దున్నే ఆమె టేపు తెచ్చింది. ఊపిరి ఎంత ఆడుతోందో చూడడానికి ఛాతీ కొలవడం ఆమె పనిలో భాగమే. దర్జీ చుట్టూ టేపు తిప్పి, గాలి పీల్చమని, చూసి, కాగితం మీద రాసింది.

"ఎంత?" అన్నాడు దర్జీ.

"ముప్పై ఆరు, బాబాయ్."

ఆయన మొహం కందగడ్డలా అయింది.

"ముప్పై ఆరా! నా ఛాతీ ముప్పై ఎనిమిది. పెళ్లి కోటు నుంచి ఇప్పటిదాకా ముప్పై ఎనిమిదే. టేపు పట్టడం ఎవరు నేర్పారు నీకు? ఏమేవ్, నా టేపు ఇలా తే!"

భార్య దిండు కింద నుంచి తీసిచ్చింది. ఆయన మంచం మీద నిటారుగా కూర్చుని, తన టేపు తనే చుట్టుకున్నాడు.

"అయితే పిన్నిగారి ఎదురుగానే నిండా పీల్చు బాబాయ్," అంది దగ్గులక్క. "నేనూ చూస్తా."

పంతం మీద పీల్చాడు. ముప్పై ఆరున్నర. కళ్లు పెద్దవి చేసి ఇంకా పీల్చాడు. ముప్పై ఏడు. ఇంకా లాగబోయేసరికి లోపల ఏదో గరగరమంది. దగ్గులక్క చటుక్కున ఆయన చేతుల్లో దిండు కుక్కింది. దర్జీ దగ్గాడు. మంచం ఊగేలా, పక్క మంచాలవాళ్లు లేచి కూర్చునేలా దగ్గాడు. నాలుగు రోజుల కఫం గిన్నెలో పడింది.

ఆయన దిండు మెల్లగా తొలగించి, పట్టీ మీద వేలితో పైనుంచి కిందికి తడిమి చూసుకున్నాడు.

"ఊఁ. కుట్టినవాడు పనిమంతుడే," అన్నాడు.

ఆ తర్వాత గంటకోసారి కొలుచుకుని, గంటకోసారి దగ్గాడు. సాయంత్రానికి జ్వరం దిగింది. ఇంటికి వెళ్లేనాడు దగ్గులక్కను పిలిచి మరీ టేపు చూపించాడు. ముప్పై ఎనిమిది.

"చూశావా? ఆ రోజే చెప్పాను, నీకు టేపు పట్టడం రాదని. ఆ కాగితం మీద తప్పు దిద్దు."

"రాదు బాబాయ్," అని ఆయన ఎదురుగానే ముప్పై ఆరు కొట్టేసి ముప్పై ఎనిమిది వేసింది. ఆయన గుమ్మం దాటేదాకా నవ్వుతూ నిలబడి, తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ రోజు ఆమె కొలిచింది సరిగ్గానే.