ఖాలమ్మ ఊయల బల్ల

దయ్యాల మాట ఎత్తితే నేను నవ్వేదాన్ని. ఇప్పటికీ నవ్వుతాను. కాకపోతే మా ఇంట్లో ఉన్న ఊయల బల్ల వైపు చూడకుండా నవ్వుతాను.

పోలీస్ యాక్షన్ నాటికి నేను గణితంలో డాక్టరేట్ కోసం పరిశోధన చేస్తున్నాను. మా వంశంలో బడి గడప తొక్కిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. కదిలే వస్తువు ఎప్పుడు ఆగిపోతుంది, ఎప్పుడు ఊపు పెంచుకుంటుంది అన్నది నా విషయం. ఉదాహరణకు ఊయలను తీసుకున్నాను. నా సమీకరణం ప్రకారం బయటినుంచి ఎవరూ తొయ్యకపోతే అది ఆగిపోవాలి. "మరి ఎవరూ తొయ్యకుండానే ఊగేవాళ్ల సంగతేమిటి?" అన్నారు మా ప్రొఫెసర్. అది తేలనిదే థీసిస్ తీసుకోనన్నారు.

చిలకలగూడలో మేం అద్దెకున్న ఇల్లు ఖాలమ్మది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, వీధిలో అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. నేను లెక్కలు చేస్తుంటే ఎదురుగా ఊయల బల్ల మీద కూర్చుని, కాలు నేలకు తగలనివ్వకుండా ఊగేది. "కాలు కింద పెట్టినంక అది ఊగుడేంది బిడ్డా" అనేది. ఎవరికి జ్వరమొచ్చినా నా దగ్గరికి పంపేది. మందులిచ్చే డాక్టర్‌ను కానంటే, "ఏ డాక్టరైతేంది, మా ఇంట్ల డాక్టరమ్మ ఉన్నది, గంతే చాలు" అనేది. ఆ ఏడాది ఎండాకాలంలోనే ఆమె పోయింది. నేను చాలా ఏడ్చాను.

యూనియన్ సైన్యం బొల్లారం దాకా వచ్చిందని తెలిసిన మధ్యాహ్నం, తలుపులు, కిటికీలు బిగించుకుని కూర్చున్నాం. గాలి చొరబడే సందు లేదు. దగ్గర్లోని పట్టాల మీద రైళ్లు ఆగిపోయాయి కాబట్టి నేల అదిరిందనీ అనలేను. ఊయల బల్ల కదలడం మొదలుపెట్టింది.

ఆగుతుందని చూశాను. ఆగలేదు సరికదా, ఊపు పెరిగింది. ఖాలమ్మ వెనక్కి వాలి ముందుకు వంగుతూ ఊగేటప్పటిలాగే గొలుసులు బిగుసుకుని కిర్రుమన్నాయి. గోడదాకా వెనక్కి జరిగాను. ఆ భయంలోనే నా తప్పు కనిపించింది. లెక్కలో ఊయల మీద మనిషిని బండరాయిలా కూర్చోబెట్టాను. మనిషి వాలుతుంది, వంగుతుంది, ఊపు అక్కడినుంచే వస్తుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట.

వెనక గదిలోంచి వచ్చిన మా నాన్న, బాపు, ఆ ఊపు చూసి, "ఇప్పుడెవలు లేసిపోయిన్రు బిడ్డా?" అన్నాడు. బల్ల మెల్లగా ఆగింది.

థీసిస్ నెగ్గింది. పట్టా వచ్చిన రోజు బాపు వీధంతా మిఠాయి పంచాడు. ఖాలమ్మ కొడుకు ఊయల బల్లను నాకే ఇచ్చేశాడు. ఆలోచన ఎలా వచ్చిందని పరీక్షకులు అడిగినప్పుడు "మా ఇంటి ఊయల చూసి" అన్నాను. ఖాళీ ఊయల అని చెప్పలేదు.

ఊగే మనిషి బరువుకు నా సమీకరణంలో ఒక అక్షరం ఉంది. దాన్ని సున్నా చేస్తే ఊయల ఆగిపోవాలి. కాగితం మీద ఎన్నిసార్లు చేసి చూసినా ఆగిపోతూనే ఉంది. ఆ మధ్యాహ్నం ఎందుకు ఆగలేదో మాత్రం, ఖాలమ్మ అన్న డాక్టరమ్మనయ్యాక కూడా నాకు తెలియదు.