సగం జెండా ఐలేశం

పంతొమ్మిది వందల అరవైలో, ఆగస్టు పదిహేనున, పొద్దున ఎనిమిది గంటలకు నల్లగొండ జిల్లాలోని ఒక పంచాయతీ సమితి ఆఫీసు ముందర జెండా సగం దాకా ఎక్కి ఆగిపోయింది. తాడుకు పడిన ముడి గిరకలో ఇరుక్కుంది. అటెండరు ఐలేశం పైకి లాగితే ఎక్కలేదు, కిందికి లాగితే దిగలేదు. బీడీవో గారు ఒక నిమిషం చూశారు, రెండు నిమిషాలు చూశారు, ఇక చేసేదేమీ లేక ఆ సగం జెండాకే వందనం చేశారు. పిల్లలు పాట పాడి, తలా ఒక పిప్పరమెంటు పుచ్చుకొని వెళ్లిపోయారు.

తొమ్మిది గంటలకు బజారులో పరమేశ్వర్ చాయ హోటల్ మూతపడింది. జెండా సగంలో ఉందంటే పెద్దమనిషి ఎవరో పోయినట్టు. అంతమాత్రం లోకజ్ఞానం ఆ ఊరికి ఉంది. హోటల్‌ను చూసి దర్జీ, దర్జీని చూసి కిరాణంవాడు కొట్లు మూసేశారు. పదింటికి నలభై మంది ఆఫీసు ముందర చేరి, పోయిందెవరని గొంతు తగ్గించి అడిగారు. తాడు ఇరుక్కుందని చెప్పుకోవడం సర్కారుకు నామోషీ. గుమాస్తా వెంకటరాజం గొంతు సవరించుకొని, "ఇంక వివరాలు రాలే" అన్నాడు. ఆ మాటతో నర్సింగమ్మ అనే ముసలామె ఏడుపు అందుకుంది. ఎవరికోసమన్నది తరువాత చూసుకోవచ్చని ఆమె ఉద్దేశం. పక్క ఊరి నుంచి బంతిపూల దండ కూడా వచ్చింది. మధ్యాహ్నానికి వడ్రంగి దుర్గయ్య నిచ్చెన వేసి ముడి విప్పితే, జెండా పైకి పోయింది, కొట్లు తెరుచుకున్నాయి. దండను ఐలేశం మేక తిన్నది.

ఆనాటి నుంచి అతను సగం జెండా ఐలేశం. పిలిస్తే పలికేవాడు. కాదనడానికి కూడా ఓపిక ఉండాలి కదా. గొర్ల కాపరి ఇంట పుట్టి, నడిచి నడిచి అరిగిన మోకాళ్లతో ఆఫీసులో చేరినవాడు. పొద్దు పొడవగానే జెండా ఎక్కించాలి, పొద్దు గూకగానే దించాలి. మధ్యలో చాయ, ఫైళ్లు, తాళంచెవులు, "ఏమయ్యా ఐలేశం" అనే పిలుపు. ఆరేళ్లు అట్లాగే గడిచినా నౌకరి ఖాయం కాలేదు. ఖాయం చేసే కాగితం బీడీవో బల్ల మీద ఒక రాయి కింద, గాలికి కొద్దికొద్దిగా కదులుతూ, ఉండేది. ఐలేశం రోజూ ఆ రాయిని తుడిచి మళ్లీ ఆ కాగితం మీదే పెట్టేవాడు.

ఆ నౌకరి వేయించింది దొర. ఆయనకొక పేరుందని ఊరివాళ్లకు ఎన్నికల కాగితం మీద చూశాకే తెలిసింది. అంతకు ముందు దొర అంటే సరిపోయేది. నైజాము కాలంలో కోటలాంటి తన గడిలో కూర్చొని పది ఊళ్ల చేత వెట్టి చేయించుకున్నాడు. దొరల మీద గొడవలు ముదిరాక పట్నం పారిపోయాడు. నాలుగేండ్లకు ఖద్దరు కట్టి తిరిగొచ్చి, సమితి ఏర్పడ్డాక దానికి ప్రెసిడెంటయ్యాడు. మాట కూడా మారింది. ఒకనాడు ఐలేశం పాత అలవాటు కొద్దీ చెప్పులు విడిచి చేతబట్టుకుంటే, "తొడుక్కోవోయ్, ఇది ప్రజారాజ్యం" అన్నాడు. మరునాడు ఐలేశం చెప్పులతోనే చాయ పట్టుకెళ్లాడు. దొర చాయ వంక చూడలేదు. చల్లారేదాకా ఆ చెప్పులనే చూశాడు. మూడోనాడు ఐలేశం ఎవరి రాజ్యానికీ ఇబ్బంది లేకుండా చెప్పులు ఇంటి దగ్గరే వదిలి వచ్చాడు.

అరవై ఆరులో, చలికాలంలో, ఆ దొర పోయాడు. అప్పటికి పదవి పోయి రెండేళ్లు. సాయంత్రం జిల్లా నుంచి ఫోను వచ్చింది. మాజీ ప్రెసిడెంటు గారి గౌరవార్థం రేపు పొద్దు పొడిచినప్పటి నుంచి గూకేదాకా సమితి జెండా సగంలో ఉండాలి. వెంకటరాజం ఆ సంగతి కాగితం మీద రాసి, పద్ధతి కూడా చెప్పాడు.

"ఐలేశం, సీదా సగంల ఆపద్దు. ముందుగాల కొనదాంక ఎక్కించాలె, ఆ తర్వాత సగానికి దించాలె. పెద్దోళ్ల చావుకు గూడ ఒక పద్ధతి ఉంటది."

"మంచిది సారూ. ముడి పడకుంట చూస్త."

ఐలేశం ఆఫీసు నుంచి హోటల్‌కు పోయేసరికి కబురు ముందే చేరింది. పరమేశ్వర్ అతన్ని పక్కకు పిలిచి నెమ్మదిగా అడిగాడు.

"ఈసారి నిజంగనే సచ్చిండా, తాడేనా? హోటల్ మూసేది ఉంది, ఖరారుగ చెప్పు."

"నిజంగనే."

"అయితే దించాలె" అన్నాడు పరమేశ్వర్. "బడి ఎవరు కట్టిచ్చిండ్రు? దవాఖానకు జాగా ఎవరిచ్చిండ్రు?"

బెంచీ మీదున్న దుర్గయ్య గ్లాసు కింద పెట్టాడు. "కట్టిచ్చిండు, కాదన్నదెవరు? రాళ్లు మోసింది మేము. నాకియ్యాల్టికి నడుము వంగది."

"సచ్చినోని మీద కోపమేందే?"

"నాకేం కోపం. ఏడ్వుమంటే నా ఇంట్ల కూసొని ఏడుస్త. గా జెండా నాది గూడ గదనే? నన్ను అడగకుంట ఎట్ల దించుతరు?"

"అందర్ని అడుగుతర్రా?"

"అడగరు. అందుకే చెప్తున్న." దుర్గయ్య ఐలేశం వైపు తిరిగాడు. "తమ్మీ, రేపు తాడు ఇరికితే మాత్రం నా నిచ్చెన దొరకదు."

ఇద్దరూ ఐలేశం మొహంలోకి చూశారు. అతను చాయ పూర్తిగా తాగి, గ్లాసు తనే కడిగి పెట్టి, ఇంటికి నడిచాడు.

ఇంట్లో తల్లి సోమమ్మ కదురుతో ఉన్ని వడుకుతున్నది. కబురు ఆమెకూ అందింది. కొడుకు కాళ్లు కడుక్కునేదాకా ఆగింది.

"గాయన కోసం నువ్వు జెండా దించుతవా?"

"దించుత అవ్వా. నౌకరి."

"దించితే నా చేతి రొట్టె తినకు."

ఐలేశం గోడకు చేరగిలబడ్డాడు. కాదంటే రాయి కింది కాగితం పోతుంది, సరేనంటే రొట్టె పోతుంది. నలభై ఏళ్ల మనిషి తల్లి ముందర మోకాళ్లు పిసుక్కుంటూ కూర్చున్నాడు. ఆమె ఎందుకట్లా అన్నదో అడగవలసిన పని లేదు.

అతని తండ్రి బీరప్ప గడి గొర్లను కాసి కాసి, ఒక ఎండాకాలం జరమొచ్చి తెల్లవారుజామున పోయాడు. ఆ రోజు గడిలో ఉన్ని కత్తిరింపు. కులంవాళ్లందరూ అక్కడ ఉండాలి. పెద్దమనుషులు పోయి గడి ముందర నిలబడితే, దొర అరుగు మీది నుంచే "పొద్దు తిరిగేదాంక ఇచ్చిన, మట్టి చేసి రాండ్రి" అన్నాడు. మిట్టమధ్యాహ్నం దాటి పొద్దు పడమటికి మళ్లేసరికి సోమమ్మ, పన్నెండేళ్ల ఐలేశం స్నానమైనా చేయక గడిలో గొర్ల కాళ్లు పట్టుకొని ఉన్నారు. కత్తిరించిన తెల్ల ఉన్ని మీద వాళ్ల చేతుల మట్టి అంటింది. దానికీ తిట్లు పడ్డాయి.

సోమమ్మ కదురు ఆపింది.

"ఎంతసేపు దించి ఉంచాల్నంట?"

"పొద్దుగూకేదాంక."

సోమమ్మ కొడుకు వంక చూసింది. "నీ నాయినకు పొద్దు తిరిగేదాంకనే దొరికింది" అని, తెగిన పోగును తడిచేసి అతికించి, మళ్లీ కదురు తిప్పింది.

తెల్లవారి ఐలేశం తాడుకు ఆముదం రాశాడు. ముడులున్నాయేమోనని వేళ్లతో మొదటి నుంచి చివరిదాకా తడిమి చూశాడు. జెండాను కొనదాకా ఎక్కించాడు, ఒక క్షణం ఆపాడు, సగానికి దించి కట్టాడు. వెంకటరాజం కిటికీలోంచి చూసి తలూపాడు. బీడీవో బయటకు వచ్చి నిలబడి, "బాగుందయ్యా, ఇవాళైనా సరిగ్గా చేశావు" అన్నారు. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చినవారు. దొరను ఖద్దరులో తప్ప చూసి ఎరగరు. పూలదండలు పట్టుకొని గడి వైపు పోయేవాళ్లు పోయారు. దుర్గయ్య మాత్రం రోడ్డుకు అవతలి నుంచే జెండాను ఒకసారి చూసి, తన వాకిట్లోకి పోయి బండిచక్రం చెక్కుకున్నాడు. ఆ సుత్తి చప్పుడు ఆఫీసుదాకా వినిపించింది.

పొద్దు నడినెత్తికి వస్తుండగా సోమమ్మ వచ్చింది. ఆరేళ్లలో ఆఫీసు దగ్గరికి ఆమె రావడం అదే మొదలు. ఒళ్లో గుడ్డమూట ఉంది. జెండా గద్దె అంచున కూర్చుంది, పైకి మాత్రం చూడలేదు. ఐలేశం ఆమె పక్కన నిలబడి జెండా కర్ర నీడను చూస్తున్నాడు. లోపల గోడ గడియారం ఉంది కానీ గొర్లు కాసినవాడికి దానితో పనేముంది? నీడ పొట్టిదై, కాసేపు కదలనట్టే ఉండి, సన్నగా తూర్పుకు ఒరిగింది.

అతను ముడి విప్పాడు. తాడు ఎక్కడా పట్టుకోలేదు. జెండా కొనదాకా పోయి గాలికి విచ్చుకుంది. తాడును కర్రకు చుట్టి, చేతులు తుడుచుకొని, గద్దె మీద కూర్చున్నాడు. సోమమ్మ మూట విప్పింది. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. ఆమె ఒక ముక్క తుంచి అతని చేతిలో పెట్టింది.

లోపల అన్నం తింటున్న బీడీవో గారికి పొద్దుటి నుంచి కిటికీలోంచి కనబడుతున్న జెండా కనబడకపోయేసరికి అనుమానం వచ్చింది. చేయి కడుక్కోకుండానే వాకిట్లోకి వచ్చి పైకి చూశారు.

"ఏమిటయ్యా ఇది? మళ్లీ తాడుకేమైనా అయిందా?"

"లేదు సారూ. నేనే ఎక్కించిన."

"సాయంత్రం దాకా ఉంచమని గదా ఆర్డరు. జిల్లాకు నేనేం చెప్పుకోను? నీ కాగితం నా బల్ల మీదే ఉంది, ఆ సంగతి గుర్తుందా? ఎందుకు ఎక్కించావు?"

ఐలేశం నోట్లో రొట్టె నమిలి, మింగి, తల్లి వైపు ఒకసారి చూసి లేచి నిలబడ్డాడు.

"పొద్దు తిరిగింది గద సారూ."