నాన్న లుంగీల బొంత

నా పనేమిటని ఎవరైనా అడిగితే నాకు చిరాకు. మందులు చేస్తానంటే చాలు, తలనొప్పికి ఏం వేసుకోవాలని మొదలుపెడతారు. నేను చేసేది ఒంట్లో చేరిన సీసాన్ని పట్టుకుని మూత్రంలోకి ఈడ్చుకొచ్చే అణువుల్ని తయారుచెయ్యడం. కీలేటింగ్ ఏజెంట్లు అంటారు. పీత డెక్కలతో పట్టినట్టు లోహాన్ని పట్టేస్తాయి. పట్టడం పెద్ద విషయం కాదు. సీసాన్ని పట్టి, పక్కనే ఉన్న జింకునీ కాల్షియాన్నీ ముట్టుకోకుండా వదిలెయ్యాలి. అదీ చావు. శ్రీకాకుళంలో మా కాలేజీ ల్యాబులో ఏళ్ల తరబడి ఆ చావే చస్తున్నాను.

మా నాన్న సాలూరులో లారీ బ్యాటరీలు బాగుచేసేవాడు. షెడ్డు మా ఇంటి వెనకే. పాత ప్లేట్లు ఊడదీసి, సీసం కరిగించి పోసేవాడు. సాయంత్రం అదే లుంగీతో వచ్చి అన్నానికి కూచునేవాడు. చివర్లో ఆయన చెయ్యి ముద్ద ఎత్తలేకపోయింది. పక్షవాతమన్నారు. అది సీసం చేసిన పనని నాకు తెలిసే వయసు వచ్చేసరికి ఆయన లేడు. అమ్మ కూడా ఆయన వెనకే పోయింది.

అక్క మాత్రం జాకెట్లు కుట్టుకుంటూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. పోయినేడాది దాని కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది. కత్తెర పట్టుకుంటే జారి కిందపడేది. రక్తం పరీక్ష చేస్తే సీసం. విజయనగరం ఆసుపత్రిలో చేర్చి మాత్రలిచ్చారు, సీసం దిగింది. ఇంటికెళ్లింది, మళ్లీ ఎక్కింది. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ ఇల్లు.

డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "ఇంట్లోనే ఎక్కడో ఉందమ్మా. అది తియ్యకుండా మాత్రలు వేసి లాభం లేదు. ఇంకోసారి ఇలాగే ఎక్కితే ఆ చెయ్యి ఇక రాదు" అన్నాడు.

షెడ్డు ఎప్పుడో కూల్పించేశాం. మట్టి కూడా తవ్వించి కొత్తమట్టి పోయించాం. ఇంకెక్కడుంది? సీసం తగిలితే ఎర్రబడే ద్రావణం ఒకటి ల్యాబు నుంచి పట్టుకెళ్లాను. దూది తడిపి కొళాయి, పసుపు డబ్బా, కుంకుమ భరిణె, కంచు గిన్నెలు, గోడల సున్నం, అన్నీ తుడిచి చూశాను. ఎక్కడా ఏమీ లేదు. ఆ ఇంట్లో వెనక తలుపు గాలికి కొట్టుకుంటే చాలు, నాన్న చేతులు కడుక్కోడానికి వస్తున్నాడనిపిస్తుంది. నాలుగు డిగ్రీలు చదివాను, పైగా పట్టపగలు, అయినా భయమేసింది.

అప్పుడే వాకిట్లో దబదబమని చప్పుడైంది. వెళ్లి చూస్తే అక్క ఎడంచేత్తో కర్ర పట్టుకుని దండెం మీది బొంతను దులుపుతోంది. నాన్న షెడ్డు లుంగీలు పొరలు పొరలుగా పేర్చి అమ్మ కుట్టిన బొంత. మా ఇంట్లో బొంతను ఉతకరు. తడిస్తే ముద్దకట్టి ఓ పట్టాన ఆరదని ఎండలో వేసి దులుపుతారంతే. ఎండలో బూడిదరంగు దుమ్ము లేచి అక్క మొహం చుట్టూ తిరుగుతోంది.

పరిగెత్తి కర్ర లాక్కున్నాను. దూదితో బొంత మీద తుడిస్తే కుంకుమ అద్దినట్టు ఎర్రబడింది.

"ఏటే అది?" అంది అక్క.

"సీసం. దీన్నేనా రోజూ కప్పుకుంటున్నావు? బుద్ధుందా నీకు?"

"అరవకే. నాన్న వాసనొస్తాది దీంట్లో. సుట్టా, ఆసిడూ. నువ్వు సదువులకి ఎల్లిపోనావు. నాకు మిగిలింది ఇదే."

"దీన్ని కాల్చినా విషమే. నేను పట్టుకుపోతాను."

అక్క బొంత కొస వదల్లేదు. "పట్టుకుపో గానీ, ఒసే, నీ మందు అన్నీ ఒగ్గేసి సీసం ఒక్కటే పట్టుకుంటాదని సెప్పినావు గదా. దీంట్లో కూడా నాన్నని ఒగ్గేసి సీసం ఒక్కటే తియ్యి."

ల్యాబులో ఆ బొంతను తొట్టిలో వేసి, నా పీత డెక్కల నీళ్లలో నానబెట్టాను. నల్లటి నీళ్లు వేరే డబ్బాల్లోకి ఒంపి, మళ్లీ నానబెట్టాను. దూది ఎర్రబడటం మానేదాకా అదే పని. బొంత ఉతకడానికా పీహెచ్‌డీ అని నవ్విన వాళ్లని బయటికి పొమ్మన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఈలోగా అక్కని మళ్లీ ఆసుపత్రిలో చేర్చి మాత్రలిస్తే రక్తంలో సీసం దిగింది. ఇంటికెళ్లాక కూడా, మొదటిసారి, మళ్లీ ఎక్కలేదు. బొంత పట్టుకుని సాలూరు బస్సెక్కాను.

అక్క బొంతలో మొహం పెట్టుకుని గట్టిగా పీల్చింది. తిరగేసి రెండోవైపు పీల్చింది. కుట్ల దగ్గర, అంచుల దగ్గర, మడతలు విప్పి విప్పి వెతికింది.

"నాన్నేడే?" అంది.

నాకు ఏడుపొచ్చింది.

అక్క కుడిచెయ్యి ఎత్తింది. మణికట్టు వాలలేదు, నిటారుగా నిలబడింది. ఆ చేత్తోనే బొంతను నా ఒళ్లోకి తోసేసింది.