అన్నం అడిగిన పిల్ల

యుద్ధం రోజుల్లో బెజవాడలో కాగితం దొరకడం గగనమైపోయింది. నా కథలన్నీ ప్రూఫు కాగితాల వెనకవైపు రాసేదాన్ని. మా ఆయన ప్రెస్సులో కంపోజిటరు కాబట్టి పనికిరాని ప్రూఫులు మా ఇంటికి చేరేవి. ఒకవైపు ఎవరిదో పెళ్ళి శుభలేఖ, రెండోవైపు నా కథ. సిరా బిళ్ళ నీళ్ళలో కరగేసుకుని, పొయ్యి మీద పప్పు ఉడికేలోపు ఒక పేజీ, గంజి వార్చాక ఇంకో పేజీ రాసేదాన్ని. పప్పు మాడిన రోజున కథ బాగా కుదిరిందని మా ఆయన లెక్క.

మా సంఘం ఆడవాళ్ళకు ఒక మాసపత్రిక ఉండేది. దాన్ని మిషనుకు చెందిన ఒక దొరసానమ్మగారు నడిపేవారు. పెళ్ళికి ముందు నేను బడిలో పంతులమ్మని, నాలుగు ముక్కలు రాయగలనని ఆవిడకు తెలుసు. నెలకో కథ రాయమన్నారు. కథలంటే ఎలాంటివి? తాగుబోతు మొగుడు మారాలి, గయ్యాళి అత్త మెత్తబడాలి, చివరికి అందరూ మోకాళ్ళ మీద ఉండాలి. నాకు చేతనైన పనే. గయ్యాళితనం ఎలా ఉంటుందో నాకెవరూ చెప్పనక్కర్లేదు, నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది.

ఆ కథల్లో ఒకటి మిగతావాటికంటే చాలా దూరం పోయింది. అది జ్వరంతో పడి ఉన్న ఒక చిన్నపిల్ల కథ. డాక్టరు పెదవి విరిచి వెళ్ళిపోతాడు. తల్లి మంచం పక్కన మోకరించి ప్రార్థన చేస్తూనే ఉంటుంది. తెల్లారేసరికి పిల్లకు చెమట పట్టి జ్వరం దిగుతుంది. కళ్ళు తెరిచి, "అమ్మా, ఆకలేస్తోంది, అన్నం పెట్టు" అంటుంది. అంతే కథ. అది రాసేనాటికి మా పాప ఇంకా చంటిది. దానికి పడిశం పట్టడం తప్ప పెద్ద జబ్బేదీ నేను చూసి ఎరగను. చూడనిదాన్ని ఎంత ధైర్యంగా రాసేస్తామో!

దొరసానమ్మగారు ఆ కథను విడిగా కరపత్రంగా వేయించారు. ఊరూరా తిరిగి వాక్యం చెప్పే బైబిలమ్మలు దాన్ని సంచుల్లో వేసుకుని మైలవరం దాకా, అటు దివిసీమ దాకా పంచిపెట్టారు. బుధవారం మధ్యాహ్నం ఆడవాళ్ళ ప్రార్థన కూటం ఎవరింట్లో జరిగినా ఎవరో ఒకరు అది చదవమనేవారు. అందరికంటే ముందు అడిగేది కాలువ గట్టున గేదెలు పెట్టుకుని పాలు అమ్మే మామ్మ. ఆవిడకు చదువు రాదు. ముందు వరసలో కూర్చుని, గోడకు జారబడి, "ఆ అన్నం అడిగిన పిల్ల కథ చదవండమ్మా" అనేది. నేను పొంగిపోయేదాన్ని. నా మాట కోసం ఒక మనిషి గేదెల్ని వదిలి వస్తోందంటే రాసేవాళ్ళకు ఇంకేం కావాలి?

మా ఆయన మాత్రం ఎప్పుడూ పొంగింది లేదు. నా కథలన్నీ ఆయన చేతుల మీదుగానే అచ్చుకెళ్ళేవి. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చి, సాయంత్రం నల్లటి వేళ్ళతో ఇంటికి వచ్చేవారు. కిరసనాయిలు కోటా అయిపోతే బూడిదతో తోముకునేవారు. "నీ కథల్లో కన్నీళ్ళు ఎక్కువ, మా ప్రెస్సులో ళావత్తులు తక్కువ. కాస్త చూసి ఏడిపించు తల్లీ" అనేవారు. నేను గరిటె చూపించేదాన్ని.

పాప పెరిగి పెద్దదవుతున్నకొద్దీ ఆ కథ దానిదైపోయింది. మూడు పూటలా అదే చెప్పమనేది. ఒక మాట వదిలేస్తే ఒప్పుకునేది కాదు. చివరి మాట నన్ను చెప్పనిచ్చేది కాదు. "అమ్మా, ఆకలేస్తోంది, అన్నం పెట్టు" అని తనే అని, గూట్లోంచి తన కంచం తీసుకొచ్చి నా ముందు పెట్టి కూర్చునేది. తిండి విషయంలో నన్ను ఎన్ని తిప్పలు పెట్టే పిల్లయినా, ఆ కథ చెప్పానంటే మాత్రం నాలుగు ముద్దలు తినేది.

యుద్ధం అయిపోయిన మరుసటి వేసవిలో దానికి జ్వరం వచ్చింది. ఎండకు తిరిగిందని మొదట చీవాట్లు పెట్టాను. జ్వరం దిగలేదు. టైఫాయిడ్ అన్నారు డాక్టరుగారు. ఆ రోజుల్లో దానికి మందు లేదు. బార్లీ నీళ్ళు పట్టించడం, నెత్తి మీద తడిగుడ్డ వేయడం, కనిపెట్టుకుని ఉండడం, అంతే. "గట్టి పదార్థం ఏదీ పెట్టకండమ్మా" అని మరీ మరీ చెప్పి వెళ్ళారు. పెదవి విరవలేదు గానీ, నా కళ్ళలోకి చూడలేదు.

సంఘంలో ఆడవాళ్ళు వచ్చారు. మంచివాళ్ళు. నీళ్ళు మోశారు, గుడ్డలు ఉతికారు, మా ఆయనకు అన్నం పెట్టారు. మంచం చుట్టూ మోకరించి ప్రార్థన చేశారు. వాళ్ళలో ఒకావిడ కొంగుముడి విప్పి నలిగిపోయిన కరపత్రం తీసింది. "మీరు రాసిందేనండీ, మీకు ధైర్యంగా ఉంటుంది" అంటూ పైకి చదవడం మొదలుపెట్టింది. నా వాక్యాలు నాకే వినిపిస్తుంటే చెవులు మూసుకోవాలనిపించింది. కానీ మూసుకోలేదు. పాప వింటోంది.

వాళ్ళు వెళ్ళాక నేనూ మోకరించాను. నా కథలో తల్లి ఎలా మోకరించిందో అలాగే. దాచుకోవడం దేనికి, ఆమె చేసిన ప్రార్థనే మాట పొల్లు పోకుండా చేశాను. ఒకసారి పనిచేసిన మాటలు కదా అనిపించింది. వాటిని కల్పించింది నేనేనన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు. తనదాకా వస్తే గానీ తెలియదంటారు.

అలా రోజులు గడుస్తుండగా ఒక మధ్యాహ్నం, ఇల్లంతా ఆడవాళ్ళు ఉండగా, పాప కళ్ళు తెరిచింది. మాట సన్నగా ఉన్నా స్పష్టంగా వినిపించింది.

"అమ్మా, ఆకలేస్తోంది. అన్నం పెట్టు."

ఇల్లు ఇల్లంతా ఒక్కసారిగా లేచి నిలబడింది. స్తోత్రం, స్తోత్రం అని ఏడ్చారు. ఎవరో మా ఆయన కోసం ప్రెస్సుకు పరిగెత్తారు. నేను వంటింట్లోకి ఎలా వెళ్ళానో తెలియదు. డాక్టరుగారి మాట గుర్తుంది, అందుకని నాలుగు మెతుకులు మెత్తగా మెదిపి, మజ్జిగలో కలిపి, గుడ్డలో వడకట్టి ఆ నీళ్ళు మాత్రం దాని కంచంలోనే పోసుకుని వచ్చాను. చెంచాతో నోట్లో పోశాను. మింగలేదు. పెదవుల పక్కనుంచి కారిపోయాయి. అప్పుడు ఒంటి మీద చేయి వేసి చూశాను. కాలిపోతోంది. ఎప్పటిలాగే కాలిపోతోంది.

పాప నా మొహంలోకి చూసింది.

"అడిగాను కదమ్మా. ఇంక జ్వరం పోతుందా?"

జ్వరం దిగితే పిల్ల అన్నం అడిగిందని నేను రాశాను. అన్నం అడిగితే జ్వరం దిగుతుందని అది అర్థం చేసుకుంది. ఆకలి లేకపోయినా, ఒంట్లో ఉన్న సత్తువంతా కూడదీసుకుని, అడగవలసిన మాట అడిగింది. తన వంతు చేసింది.

"పోతుంది తల్లీ" అన్నాను.

మర్నాడు పొద్దెక్కక ముందే మా పాప పోయింది.

సమాధుల దొడ్డి నుంచి వచ్చాక మా పాస్టరు అయ్యగారు వసారాలో కూర్చుని, దేవుడు తన తోట కోసం ఒక చిన్న పువ్వును కోసుకున్నాడన్నారు. "ఆయన తోటలో పూలకు అంత కరువొచ్చిందా అండీ?" అన్నాను మొహం మీదే. మా ఆయన నా చేయి పట్టుకున్నారు. అయ్యగారు కోప్పడలేదు, తల వంచుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఆదివారాలు గుడికి వెళ్ళడం మానలేదు. వెళ్ళి నోరు తెరవకుండా కూర్చునేదాన్ని. దేవుడు లేడనుకోగలిగితే ఎంత హాయిగా ఉండేదో. ఉన్నాడు కాబట్టే నాకంత కోపం. రాత సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రూఫు కాగితాలు పొయ్యిలోకి వాడాను.

వానలు పడ్డాక దొరసానమ్మగారు మా ఇంటికి వచ్చారు. ఆవిడ తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు. పాప గురించి రెండు మాటలు చెప్పి, కళ్ళు తుడుచుకుని, చాలా ఇబ్బందిగా అసలు విషయానికి వచ్చారు.

"కరపత్రములు అయిపోయినవి. పల్లెలలో అడుగుచున్నారు. మరల వేయించవలెనని... నీ అనుమతి లేక వేయించను."

"ఆ పిల్ల అన్నం అడిగినా లేవదండీ" అన్నాను. "అది అబద్ధం. వేయొద్దు."

ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నాకు ఉపదేశం చేస్తారని, తిరిగి నాలుగు మాటలు అనడానికి సిద్ధంగా ఉన్నాను. "అట్లయిన యెడల, జరిగినది జరిగినట్లు వ్రాయుము. దానిని వేయించెదను" అన్నారు.

రాయడానికి నెల పైగా పట్టింది. చేయి తిరిగిన దాన్ననుకున్నాను, ఒక్క వాక్యం దగ్గరే రోజుల తరబడి ఆగిపోయాను. చివర ఎవరినీ మోకాళ్ళ మీద నిలబెట్టలేదు. పాప అడిగిన ప్రశ్న రాశాను, నేను చెప్పిన జవాబు రాశాను, అక్కడితో ఆపేశాను. మా ఆయనే దాన్ని కంపోజు చేయాలి. వేరేవాళ్ళకు ఇవ్వమని చెప్పండన్నాను. ఆయన వినలేదు. ఆ సాయంత్రం ప్రూఫు తెచ్చి చాప మీద పెట్టి, బూడిద తీసుకుని నూతి దగ్గరికి వెళ్ళిపోయారు. నేను వెనకాలే వెళ్ళి, ఎలా ఉందని అడిగాను.

"కూర్చాను" అన్నారు, తలెత్తకుండా చేతులు తోముకుంటూ. "చదవలేదు."

పత్రిక వచ్చింది. బుధవారం కూటంలో దాన్ని చదవమని ఎవరూ అడగలేదు. పంతులమ్మగారికి విశ్వాసం చల్లారిందని ఒకరిద్దరు అనుకున్నట్టు నా చెవిన పడింది. అనుకోనీ అనుకున్నాను. రాసినంత మాత్రాన నా గుండె బరువేమీ దిగలేదు. దిగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఒకరోజు పొద్దున పాలు పోయడానికి వచ్చిన మామ్మ, పోసి వెళ్ళిపోకుండా గడప దగ్గర చతికిలబడింది.

"మీరు రాసింది మా పక్కింటి కుర్రదాని చేత చదివించుకున్నానమ్మా" అంది.

నా విశ్వాసం సంగతి ఈవిడ కూడా ఎత్తుతుందేమోనని ఒళ్ళు మండుతోంది.

"అప్పట్లో మావోడికీ చదివించాను."

"ఎవరికి?"

"మా మనవడికి. మైలవరంలో మా కూతురి కొడుకు. వాడికి జ్వరమొస్తే మీ కాయితం పట్టుకెళ్ళాను. ఆ పాత కథ. మా అల్లుడి చేత మంచం పక్కన రోజూ చదివించాను. వాడు లేవలా."

ఆ పిల్లవాడు పోయినట్టు నాకు తెలుసు. పోయినప్పుడు వెళ్ళి మామ్మను పలకరించాను కూడా. నా కథ వాడి మంచం దాకా వెళ్ళిందని మాత్రం తెలియదు.

"అది జరిగి ఇన్నేళ్ళయింది కదా మామ్మా! నాకెందుకు చెప్పలేదు? పైగా ప్రతి కూటంలోనూ నువ్వే అది చదవమనేదానివి!" నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"చెప్తే రాయటం మానేస్తారని" అంది. "అందులోనన్నా ఒక పిల్ల లేచి కూచుంటది గదా. అది వింటానికొచ్చేదాన్ని." కొంగుతో మొహం తుడుచుకుంది. "నేనొక్కదాన్నే అనుకోబాకండి. మన పేటలో ఇంకా ఉన్నారు. ఎవరు చెప్తారు మీకు? మీ మనసు నొచ్చుకుంటదని మాలో మేమే అనుకునేవాళ్ళం."

ఎదురుగా కూర్చుని నా కథ విని నన్ను మెచ్చుకున్న ఆడవాళ్ళంతా ఒక్కసారిగా కళ్ళ ముందు కనబడ్డారు. ఎవరింట్లో ఏ పిల్ల పోయిందో నాకు తెలుసు. పేటలో పిల్ల పోని ఇల్లంటూ లేదు. వాళ్ళందరూ నన్ను కంటికి రెప్పలా కాపాడుకుంటూ వచ్చారు. పాప పోయాక నేను ఏడవని రోజు లేదు, కానీ మరో మనిషి పక్కన కూర్చుని ఏడవడం అదే మొదటిసారి. మామ్మ ఏడుపు ఆపమనలేదు. తనూ ఏడ్చింది. పాలు పొయ్యి ఎక్కకుండా అలాగే ఉండిపోయాయి.

కాసేపటికి, "పార్థన చేసుకుందామా" అంది.

"నాకు రావట్లేదు మామ్మా" అన్నాను. కథల్లో ఊరందరి చేతా ప్రార్థన చేయించినదాన్ని.

ఆవిడ కళ్ళు మూసుకుంది. "పెబువా" అంది. తన మనవడి పేరు చెప్పింది. తర్వాత మా పాప పేరు చెప్పింది. పాప పోయినప్పటి నుంచీ ఆ పేరు మా ఇంట్లో ఎవరమూ పైకి అనలేదు. ఆగింది. ఇంకేదో అడుగుతుందని చూశాను. ఏమీ అడగలేదు.

"ఆమెన్" అంది. నేనూ అన్నాను.