మా అమ్మ అలికిన మంచమంత జాగా

మా చిన్నప్పుడు ఇంట్లోకి నేరుగా నడిచి వెళ్లిన గుర్తు నాకు లేదు... పక్కకు తిరిగి, కడుపు లోపలికి పీల్చుకుని, మూటల మధ్యలోంచి దూరి వెళ్లాలి.

దంతెవాడ వైపు అడవుల్లో ఉన్న ఆవపల్లిలో మాది రెండు గదుల పెంకుటిల్లు. బాపు ఊళ్లు తిరిగి ఇప్పపువ్వు, చింతపండు, కరక్కాయలు కొని సైకిల్ మీద తెచ్చేవాడు. రేటు పెరిగాక అమ్ముదామని అన్నీ ఇంట్లోనే దాచేవాడు. మంచం కింద కరక్కాయలు... మంచం మీద చింతపండు గంపలు... పొయ్యి పక్కన ఇప్పపువ్వు మూటలు. మనుషులం వసారాలో.

పిల్లలం, మాకు అదంతా ఆట. మూటల మీదికెక్కి దూకేవాళ్లం. అమ్మకు మాత్రం ఆట కాదు.

ఒక ఏడాది వానలు మొదలయ్యేసరికి అమ్మ మాట్లాడటం తగ్గించింది. ఒక పొద్దున పప్పుగుత్తి కోసం వెతుకుతూ వెతుకుతూ మూటల మధ్య అలాగే నిలబడిపోయింది. పొయ్యి మీద పప్పు మాడి పొగ వస్తున్నా కదల్లేదు. నేను వెళ్లి కొంగు లాగాను.

"ఊపిరాడతలేదు బిడ్డా... యాడ జూసినా సామానే" అంది.

తర్వాత అన్నం తినడం మానేసింది. జల్లు కొడుతున్నా చూరు కిందే కూర్చునేది. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపేది. మనిషి రోజురోజుకీ చిక్కిపోయింది.

పక్కింటి ముత్తమ్మత్త వచ్చి చూసి తేల్చేసింది. "గాలి సోకిందిరా తమ్మీ. ఇప్పచెట్ల కాడ పట్టుకున్నట్టుంది. వడ్డెను పిలువు."

వడ్డె అంటే మా వైపు దేవుళ్లకు పూజ చేసేవాడు... గాలి పడితే దింపేవాడు కూడా ఆయనే. బాపు భయపడిపోయాడు. అమ్మంటే ప్రేమ లేక కాదు... ఆ మూటలు అసలు ఆయన కంటికి కనిపించేవే కావు.

మర్నాడు వడ్డె తాత చంకలో కోడితో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"లోపటికి పోయేదెట్లరా? ముగ్గు యాడ వెయ్యాలె, నీ నెత్తి మీదనా?"

"వసారల చెయ్యరాదా తాతా?" అన్నాడు బాపు.

"ఇంట్ల ఉన్న గాలి వసారల పూజ చేస్తే దిగుతదా? తియ్యి సామాను."

బాపు గొణుక్కుంటూ మూటలు వసారాలోకి మోశాడు. పొయ్యి ముందు ఒక మంచం పట్టేంత నేల బయటపడింది. అక్కడ నేల ఉందన్న సంగతే మేం మర్చిపోయాం... ముత్తమ్మత్త పేడతో అలికింది. వడ్డె తాత బియ్యప్పిండితో ముగ్గు వేసి, అమ్మను మధ్యలో కూర్చోబెట్టి, దోర్లీ భాషలో ఏదో చదవడం మొదలుపెట్టాడు.

అమ్మ వినట్లేదు. అరచేత్తో నేలను నిమురుతోంది. కాసేపటికి మెల్లగా కాళ్లు చాపింది. పూజలో అదేం పనని ముత్తమ్మత్త గుడ్లురిమినా ముడుచుకోలేదు. పూజ అయ్యాక తనంతట తనే అంది... "ఆకలైతాంది."

"దిగింది, చూసినవా" అని వడ్డె తాత తన కోడిని తీసుకుని వెళ్లిపోయాడు.

బాపు మొదటి మూట ఎత్తుకుని లోపలికి వచ్చాడు. అమ్మ అప్పటికే పేడనీళ్ల బకెట్ తెచ్చుకుని ఆ జాగా మళ్లీ అలుకుతోంది.

"ఇప్పుడే అలికిరి గదనే?"

"పూజ చేసిన జాగ. మళ్ల అలకాలె."

"సరే, ఆరినంక పెడతా."

"పెట్టు."

ఆరింది. బాపు మూట ఎత్తాడు... అమ్మ బకెట్ ఎత్తింది.

మర్నాడూ అంతే. తడి నేల మీద పెడితే ఇప్పపువ్వు బూజు పడుతుంది, మూట మొత్తం పాడైపోతుంది. ఆ సంగతి బాపుకంటే అమ్మకే బాగా తెలుసు.

మూడో రోజు బాపుకు కోపం వచ్చింది. "నీకు గాలి దిగలే. ఇంకింత ఎక్కింది."

అమ్మ పేడ చేతులతోనే లేచి నిలబడింది. "నన్ను పట్టుకున్నది గాలి గాదయ్యా, నీ మూటలు. కడమ ఇల్లంతా నువ్వే పెట్టుకో. ఈ మంచమంత జాగ నాది. దీని మీద ఒక్క కరక్కాయ పెట్టినా, నేనైతే మా అమ్మగారింటికి పోను... నీ మూటలు పోతయి, బయట వానల."

బాపు వాన వైపు చూశాడు. అమ్మ వైపు చూశాడు. మూట తీసుకెళ్లి వసారాలో దించాడు. వారం తిరగకముందే పెరట్లో ఆ మూటల కోసం వెదురు తడికెలతో ఒక కొట్టం కట్టాడు.

ఆ జాగాలో అమ్మ ఏ పనీ పెట్టుకునేది కాదు. మధ్యాహ్నం ఊరికే కూర్చునేది. నా తలలో పేలు చూసేది. మళ్లీ నవ్వడం, మమ్మల్ని తిట్టడం కూడా అక్కడే మొదలైంది...

ఊళ్లో అందరూ ఇప్పటికీ వడ్డె తాత మంత్రమే అంటారు. అననీ... నేను ఒప్పుకోను.

నాకిప్పుడు దంతెవాడలో గాజులు, సబ్బుల దుకాణం. వెనకే ఇల్లు. ఎక్కడ ఖాళీ కనిపించినా మా ఆయన ఒక డబ్బా దించుతాడు. "దుకాణమోళ్ల ఇల్లు గిట్లనే ఉంటది, సర్దుకపోవాలె" అని మా అత్తగారి తరఫు వాళ్లు నాకు చెప్పారు. నేను సర్దుకుపోలేదు. కిటికీ దగ్గర నేను కూర్చునే చోట ఏది పెట్టినా తీసుకెళ్లి రోడ్డు మీద పెడతాను. ఒకసారి సబ్బుల పెట్టె అలా పెడితే "దీదీ, సేల్ లగీ హై క్యా?" అంటూ, తగ్గింపు ధరకు అమ్ముతున్నాననుకుని జనం మూగారు... మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి మోసుకెళ్లాడు. మళ్లీ పెట్టలేదు.

సామాను ఎక్కువైతే మనసుకేమవుతుంది, అదంతా ఆడవాళ్ల నఖరాలు అనేవాళ్లు దుకాణానికి రండి. చాయ్ పోసి మరీ చెప్తాను.

ఇప్పుడు ఇళ్లు పెద్దవయ్యాయి... టీవీకి ఒక గోడ, బండికి ఒక షెడ్డు, చెప్పులకు కూడా ఒక అలమారా. ఇల్లు నడిపే మనిషి ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఏ మేస్త్రీ అడగడు, మనమూ చెప్పం...

మీ అమ్మ ఇంట్లో ఎక్కడ కూర్చునేది? కింద రాయండి. ఎంత ఆలోచించినా గుర్తు రాకపోతే... అదీ రాయండి.