టీచరమ్మ గీయించిన ఊరు

మా టీచరమ్మ పోయారు. మొన్న ఆదివారం పొద్దున్న, బిలాస్‌పుర్ దయాల్‌బంద్‌లోని ఇంట్లో, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే కన్నుమూశారు. ఫోన్ చేసిన వాళ్లమ్మాయి ఏడుస్తూనే, "పాఠానికి పిల్లలొచ్చి వరండాలో కూర్చున్నారు, వాళ్లకేం చెప్పనక్కా?" అంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.

రిటైరయ్యాక ఆవిడ బి.ఏ. మొదటి ఏడాది పిల్లలకే సమాజశాస్త్రం చెప్పేవారు. పై తరగతుల వాళ్లొస్తే పంపించేసేవారు. "మొదటి ఏడాదిలోనే అమ్మా సరదా. తర్వాత అందరూ అన్నీ తెలిసినట్టు మాట్లాడతారు" అనేవారు.

ఆ వరండాలో ప్రశ్న అడిగినవాళ్లకే అల్లం టీ. జవాబు చెప్తే ఏమీ లేదు. మాతో చదివినవాడొకడు రోజూ "టైమెంతయింది టీచరమ్మా?" అని అడిగేవాడు. వాడికి సగం గ్లాసు పోసేవారు.

నేను ట్వెల్త్‌లో సైన్సు అత్తెసరు మార్కులతో గట్టెక్కి, ఆర్ట్స్ చదువుతానన్నాను. లోకో షెడ్‌లో పనిచేసే మా నాన్న అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఆర్ట్సు సదివి ఏటి సేస్తావే? ఈ యేడాది సూస్తాను. ఆ సదువేటో నాకు తెలీకపోతే నర్సింగులో ఏసెస్తాను" అన్నాడు. ఆ ఏడాదంతా నాకు గుండెల్లో రైళ్లు పరిగెత్తాయి.

ఒకరోజు వలస గురించి పాఠం. నిర్వచనం గడగడా అప్పజెప్పాను.

"అచ్ఛా, మరి?" అన్నారు టీచరమ్మ. అది ఆవిడ ఊతపదం. నిర్వచనం పక్కన పెట్టి, అందర్నీ మీ ఊరి పటం గీయమన్నారు.

రైల్వే క్వార్టర్ల పిల్లలం అందరం శ్రీకాకుళం, విజయనగరం వైపు తాతల ఊళ్లే గీశాం. నాలుగిళ్లు, ఒక కొండ, రెండు కొబ్బరిచెట్లు. అందరి ఊళ్లూ ఒకేలా ఉన్నాయి. నేనైతే మా ఊరు చూసింది ఒక పెళ్లికి, అదీ కడుపునొప్పితో. టీచరమ్మ నా పటంలో దారి మీద వేలు పెట్టి, "ఇది ఎక్కడికి పోతుందమ్మా?" అన్నారు. తెలీదు. "ఇంట్లో అడిగి రా."

రాత్రి అన్నాల దగ్గర అడిగితే నాన్న పెన్ను లాక్కున్నాడు. "దా, నాను గీస్తాను." గీత కాస్త దూరం పోయి ఆగిపోయింది. ఆయన పుట్టిందీ పెరిగిందీ బిలాస్‌పుర్‌లోనే మరి. కాసేపు గడ్డం గోక్కుని, కాగితం తిరగేసి లోకో షెడ్డు గీశాడు. తర్వాత క్వార్టర్లు, కుళాయి, మా తాత మొదట దిగిన ప్లాట్‌ఫారం, ఎవరి వెనకాల ఎవరొచ్చి చేరారో అన్నీ. కంచంలో అన్నం చల్లారిపోయింది, అమ్మ కేకలేస్తూనే ఉంది. చివరికి తలెత్తి, "ఇదీ సదువేనేటే?" అన్నాడు.

నర్సింగు మాట మళ్లీ ఎత్తలేదు. సంగతి చెప్తే టీచరమ్మ పడీపడీ నవ్వి, "మంచి ప్రశ్న అడిగారు మీ నాన్న" అంటూ ఆయనకి ఫ్లాస్కుతో టీ పంపారు.

ఇవాళ నేను కాలేజీలో అదే పాఠం చెప్తున్నానంటే ఆవిడ చలవే. ఆవిడంటే నాకు ప్రాణం. ఆ మాట ఆవిడతో అనేశాను కూడా. "అచ్ఛా, మరి?" అన్నారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం టీచరమ్మ ఇంట్లో బంధువొకాయన, "ఆవిణ్ని సొంతూరు తీసుకెళ్లాలి కదా, బండి మాట్లాడమంటారా?" అన్నారు. వాళ్లమ్మాయి అందరి మొహాలూ చూసింది. గోడవారగా నిలబడ్డ మా నాన్న ముందుకొచ్చాడు.

"ఆయమ్మ ఊర్లోనే ఉన్నాది కదండీ" అన్నాడు.

సాయంత్రం దహనానికి ఊరి పక్కనే ఉన్న అర్పా నదికి తీసుకెళ్లాం. నీళ్లు తక్కువ, ఇసుకే ఎక్కువ. మొదటి ఏడాది పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని, మా నాన్న వెనకాలే ఆ ఇసుకలో నడిచారు.